కిందికే పోయే గీత

కోమల పీహెచ్‌డీ గురించి అడగడం ధర్మపురిలో జనం మానేసి చాలా కాలమైంది. మొదట్లో అడిగేవారు. బస్టాండు దగ్గర పూలమ్మే శంకరవ్వ, పక్కింటి వాళ్లు, కాలేజీ ఆఫీసులో గుమస్తా, ఎవరు ఎదురైనా "అయిపాయెనా మేడం?" అనేవారు. "ఐతున్నది" అనేది కోమల నవ్వుతూ. కొన్నేళ్లు గడిచాక అడిగేవాళ్లకే మొహమాటం వేసింది. పిల్లలు కలగని ఇంట్లో ఆ మాట ఎత్తకుండా జాగ్రత్తపడ్డట్టు, ఆమె ముందు చదువు మాట ఎత్తడం మానేశారు. కోమలకు అదీ ఒకందుకు హాయిగానే అనిపించింది. నవ్వే పని తప్పింది.

ఆమె జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెబుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఎండాకాలం రాగానే ఆగిపోతుంది, తొలకరి పడ్డాక మళ్లీ ఆర్డరు వస్తుందా రాదా అని చూడాలి. పీహెచ్‌డీ ఉంటే పర్మినెంటు పోస్టులు పడ్డప్పుడు ముందు వరుసలో ఉంటామని తోటి లెక్చరర్లంతా చేరుతుంటే ఆమె కూడా పార్ట్‌టైమ్‌గా చేరింది. అప్పుడు కూతురు హర్షిణికి పలక మీద అక్షరాలు దిద్దిస్తుండేది. ఇప్పుడా పిల్ల పదో తరగతి.

గైడు పేరు భూమయ్య సార్. మంచివాడే, కాకపోతే చేతికింద చాలామంది స్కాలర్లు. మొదటి రోజే ఆయన అంశం చెప్పేశాడు: పాత చమురు బావుల్లో అడుగున మిగిలిపోయిన చమురును సూక్ష్మజీవులతో బయటికి రప్పించడం, దానికి గణిత నమూనా. గదిలో ఉన్న మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరీంనగర్ జిల్లాలో గ్రానైటు ఉంది, అవతల బొగ్గు ఉంది, చమురెక్కడిది? కోమల మాత్రం వెంటనే ఒప్పుకుంది. ఆమె భర్త పరశురాములు ఒమాన్ ఎడారిలో చమురు బావుల దగ్గర పంపు ఆపరేటరు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే మనిషి. అతను అక్కడ రోజంతా ఏం చేస్తాడో ఆమెకు సరిగా తెలియదు. ఈ వంకతోనైనా తెలుస్తుందనుకుంది.

ఆ ఏడు సెలవులో వచ్చినప్పుడు అడిగితే పరశురాములు ఇంటి ముందు గచ్చు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు.

"బాయిలకెల్లి ఆయిల్ ఉత్తగనే రాదే. ఇటు ఒక బాయిల మేం నీళ్లు నూకుతం. గా నీళ్లు లోపల రాయిలకెల్లి పోతయ్. పోంగ పోంగ ఆయిల్‌ను గూడ నూకుకుంట అటు దిక్కు బాయిలకెల్లి పైకి తెస్తయ్. మొదాలు మంచిగనే వస్తది. పోనుపోను నీళ్లే ఎక్కువైతయ్."

"అంటే ఆయిల్ ఒడిసినట్టేనా?"

"ఒడువది. లోపల్నే ఉంటది. రాదు, గంతే."

కోమల చదివిన వ్యాసాల్లో పేజీలకు పేజీలు రాసింది కూడా అదే. భూమి అడుగున చమురు చెరువులా నిలిచి ఉండదు. ఇసుకరాయిలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి, వాటి గోడలకు అంటుకుని ఉంటుంది. నీళ్లు తోసినంత తోశాక సగానికి పైగా అక్కడే ఉండిపోతుంది. అప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియాను, వాటికి తిండిగా చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మడ్డిని నీళ్లతో కలిపి లోపలికి పంపిస్తారు. అవి తిని పెరుగుతాయి. పెరుగుతూ సబ్బులాంటి పదార్థాన్ని, గ్యాసును వదులుతాయి. దాంతో చమురు రాయిని వదిలి నీళ్లతో కదులుతుంది. నీళ్లు ఎంత వేగంగా పోతాయి, బ్యాక్టీరియా ఎంత పెరుగుతుంది, తిండి ఎంత తగ్గుతుంది, చమురు ఎంత వస్తుంది, వీటన్నిటినీ సమీకరణాల్లో పెట్టి కంప్యూటరు చేత లెక్క కట్టించడం కోమల పని.

అత్త కిష్టవ్వకు ఇది ఎంతకూ మింగుడు పడలేదు. ఆమె బీడీలు చుడుతుంది. చాట ఒళ్లో పెట్టుకుని, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కోడలిని అడిగింది.

"పురుగులకు బెల్లం మడ్డి పోసి సాదుతరా?"

"పురుగులు గాదు అత్తమ్మా, బ్యాక్టీరియా. పాలు తోడుకుంటయ్ గద, గసొంటియి."

"మరి గవ్వి నూనె తాగయా?"

"కొన్ని తాగుతయ్."

"గట్లెట్ల! దొంగను కావలి వెట్టినట్టే గద బిడ్డా" అని కిష్టవ్వ నవ్వింది. చాలా రోజులు బీడీల కార్ఖానాలో తోటివాళ్లందరికీ ఇదే చెప్పి నవ్వించింది కూడా.

అసలు చిక్కు రెండో ఏడు మొదలైంది. హైదరాబాదులో ఒక ప్రయోగశాల వాళ్లు అంతకుముందే నిజమైన బావి రాళ్ల మీద ఈ ప్రయోగం చేసి ఉన్నారు. బావి తవ్వేటప్పుడు అడుగు నుంచి రోకలిలా గుండ్రంగా కోసి తీసే రాయిని కోర్ అంటారు. ఆ కోర్‌లలోకి బ్యాక్టీరియా నీళ్లు పంపించి, ఎంత చమురు బయటికి వచ్చిందో కొలిచి పట్టికలు తయారు చేశారు. భూమయ్య సార్ ఆ పట్టికలు తెప్పించి కోమలకు ఇచ్చాడు. ప్రయోగశాల కొలతలో చమురు మొదట తగ్గి, కొంతసేపటికి మళ్లీ పెరిగింది. కోమల లెక్కలో తగ్గింది, ఇంకా తగ్గింది, అంతే. గీత కిందికే పోయింది.

ఎందుకు తగ్గుతోందో ఆమెకు తెలుసు. బ్యాక్టీరియా పెరిగి రంధ్రాల గోడలకు అంటుకుంటుంది, చచ్చినవి అక్కడే పేరుకుంటాయి. దారి ఇరుకవుతుంది. నీళ్లు కదలవు. నీళ్లు కదలకపోతే చమురూ కదలదు. సమీకరణం చెబుతున్నది న్యాయంగానే ఉంది. మరి ప్రయోగశాలలో ఎందుకు పెరిగింది?

తప్పు తన ప్రోగ్రాములో ఉందనుకుంది. మొత్తం తీసేసి మొదటి నుంచి రాసింది. గీత కిందికే పోయింది. లెక్క కట్టే పద్ధతి మార్చింది. కిందికే పోయింది. వేరే రకం బ్యాక్టీరియా పెరుగుదల సూత్రం పెట్టి చూసింది. కొంచెం మెల్లగా పోయింది, కానీ కిందికే. బస్సులో వెళ్తూ అదే ఆలోచన, చపాతీలు వత్తుతూ అదే ఆలోచన. క్లాసులో పిల్లలకు పాఠం చెబుతూ బోర్డు మీద ఏదైనా వక్రరేఖ గీస్తే, దాని కొస తెలియకుండానే కిందికి వంగేది.

ఒకసారి భూమయ్య సార్ దారి చెప్పాడు.

"అంటుకునే గుణకం ఉంది చూడు, దాన్ని తగ్గించమ్మా. కొలతకు సరిపోయేదాకా తగ్గించు. అందరూ చేసేదే."

కోమల తగ్గించి చూసింది. దాదాపు సున్నా దాకా తీసుకొస్తే తప్ప గీత లేవలేదు. అంటే బ్యాక్టీరియా రాయికి అసలు అంటుకోనే అంటుకోదని రాయాలి. కానీ అదే పట్టికలో, నీళ్లు తోయడానికి కావలసిన ఒత్తిడి బాగా పెరిగిందని ఉంది. ఒత్తిడి పెరిగిందంటే లోపల దారి మూసుకుపోయినట్టే. ఒక గడిలో మూసుకుపోయిందని, ఇంకో గడిలో మూసుకుపోలేదని రాస్తే ఎలా?

"సార్, ఒత్తిడి లెక్క తప్పుతున్నది సార్."

"ఒత్తిడి గ్రాఫు పెట్టకు. ఎవరడుగుతరు?"

అవునని తలూపి వచ్చింది కానీ, ఆ అధ్యాయం సార్‌కు పంపలేదు. పంపనని కూడా చెప్పలేదు. జ్వరమనీ, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాననీ వాయిదా వేస్తూ వచ్చింది. అదేదో నిజాయితీ అని ఆమె అనుకోలేదు. ఆ సున్నా రాయడానికి చెయ్యి రాలేదు, అంతే. అలా ఏళ్లు గడిచాయి. సార్ రిటైరయ్యాడు. యూనివర్సిటీ ఒకసారి గడువు పొడిగించింది, ఇంకోసారి పొడిగించింది, ఇదే ఆఖరని ఉత్తరం పంపింది. తనతో పాటు చేరినవాళ్లలో కొందరు డాక్టర్లయ్యారు, కొందరు మానేసి బీమా ఏజెంట్లయ్యారు. కోమల అటూ కాలేదు, ఇటూ కాలేదు.

అలాంటి ఎండాకాలంలో పరశురాములు సెలవు కాకుండానే వచ్చాడు.

పొద్దున్నే ఆటో దిగాడు. పెట్టెలు ఎప్పటికన్నా ఎక్కువ ఉన్నాయి. వాటికి చుట్టిన తాళ్లు చూడగానే కోమలకు అర్థమైపోయింది, తిరిగి వెళ్లే మనిషి అన్ని పెట్టెలు తెచ్చుకోడు. కిష్టవ్వ మాత్రం చాట పక్కన పెట్టి లేచి, "ఎన్ని దినాలుంటవ్ కొడుకా?" అంది.

"ఇగ పోనవ్వా" అన్నాడు పరశురాములు. నీళ్లు తాగి, చొక్కా విప్పి, చాప మీద పడుకుని సాయంత్రం దాకా లేవలేదు. మర్నాడూ అంతే. తినడం, పడుకోవడం. అన్నేళ్ల నిద్ర బాకీ ఉన్నట్టు పడుకున్నాడు.

నాలుగైదు రోజులకు నోరు విప్పాడు.

"నీళ్లే వస్తున్నయే. పంపు నడిపిన ఖర్చు గూడ ఎల్తలేదట. మా దిక్కున్న బాయిలన్నీ బందు వెట్టిండ్రు. క్యాంపు లేపేసిండ్రు." లాప్‌టాప్ ముందున్న ఆమెను చూసి నవ్వాడు. "నీ పురుగుల లెక్కేదో జల్ది తెగితే మా బాయిలు ఇంకో పదేండ్లు బతుకుతుండెనేమో."

పరాచికానికే అన్నాడు. కోమలకు మాత్రం ఆ మాట తగిలింది. తన లెక్కకూ ఒమాన్ బావికీ ఏ సంబంధమూ లేదని తెలుసు. తెలిసినా ఆ పూట అన్నం సయించలేదు. లాప్‌టాప్ మూసి, వంటింట్లో అవసరం లేకపోయినా గిన్నెలు తోమింది.

ఆ వారంలోనే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. పేరు తెర మీద చూసి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ఇబ్రాహీం. ఆ ప్రయోగశాలలో అటెండరు. మొదట్లో పట్టికల్లో ఏదైనా అంకె చెరిగిపోతే ఆయనకే ఫోను చేసి చదివించుకునేది.

"మేడం, సలాం. మంచిగున్నరా? జర ఇనుర్రి. మా బిల్డింగ్ ఖాళీ చేస్తున్నరు. పాత రాళ్లన్నీ లారీల ఏసి పారబోస్తున్నరు. మీరు లెక్కలడిగిన నెంబర్ది ఒకటి కండ్లవడ్డది. సగం చెక్క. పంపాల్నా?"

నాకు రాయెందుకు భాయ్ అని నోటి దాకా వచ్చింది. ఇన్నేళ్లూ ఆ రాయి గురించే లెక్కలు కడుతూ దాన్ని ఒక్కసారీ చూడలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. "పంపుర్రి భాయ్" అంది.

ఆర్టీసీ కార్గోలో జగిత్యాల బస్టాండుకు వచ్చింది. పరశురాములే బండి మీద తీసుకెళ్లాడు, ఇల్లు కదిలినట్టు ఉంటుందని. అట్టపెట్టె విప్పితే పాత ఉర్దూ పేపర్లలో చుట్టిన బూడిదరంగు రాయి. రోకలి ముక్కను నిలువునా రెండుగా చీల్చినట్టుంది. చీల్చిన వైపు మధ్యలో సన్నని గీత కనబడీ కనబడకుండా ఉంది. రంపం తగిలిన గుర్తేమో అనుకుంది కోమల.

పరశురాములు చేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "గిదాని కోసమా మేం అంత దూరం పోయింది" అన్నాడు. ఇద్దరూ అక్కడే బస్టాండులో టీ తాగి ఇంటికొచ్చారు. రాయి కిటికీ గూట్లో చేరింది. రెండు రోజులకు దాని సంగతి అందరూ మరిచిపోయారు, కిష్టవ్వ తప్ప. తునికాకు మెత్తబడాలని తడిగుడ్డలో చుట్టి పెడుతుంది ఆమె. గుడ్డ గాలికి విడిపోకుండా పైన ఏదైనా బరువు కావాలి. చేతికందింది రాయే.

ఒక ఆదివారం పొద్దున కోమల టీ గ్లాసుతో వచ్చి అత్త పక్కన కూర్చుంది. తడిగుడ్డ మీద రాయి నిలబెట్టి ఉంది. గుడ్డలో తేమను రాయి పీల్చుకుంది. కానీ మొత్తం పీల్చుకోలేదు. మధ్యలో ఉన్న ఆ సన్నని గీతకు ఒక పక్క తడి పైదాకా పాకి నల్లబడింది. రెండో పక్క అడుగునే ఆగి, మీద అంతా తెల్లగా పొడిగా ఉంది. ఎవరో స్కేలు పెట్టి రెండు రంగులు వేసినట్టుంది.

కోమల గ్లాసు కింద పెట్టింది. రాయిని తీసి వేలితో రాసి చూసింది. నల్లబడిన పక్క పిండిలా సన్నం. పొడిగా ఉన్న పక్క గరుకు.

"అత్తమ్మా, గిది ఎప్పటిసంది గిట్లున్నది?"

"ఏది? రాయా? నేనేం జెయ్యలే బిడ్డా, ఉత్తగ వెట్టిన" అంది కిష్టవ్వ కంగారుగా.

రాయి ఒకటే. పొరలు రెండు. కోమల దగ్గరున్న పట్టికలో "ఒకే తీరు ఇసుకరాయి" అని ఉంది. ఆమె సమీకరణాలన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి. వెంటనే ఇబ్రాహీంకు ఫోను చేసింది.

"రెండు పొరలా? అది నాకు తెల్వది మేడం. నేను కడిగి ఆరవెట్టేటోణ్ణి. మిషన్‌ల వెడితే ఒక నెంబర్ చూపెట్టేది, గది రాసుకునేటోళ్లు" అన్నాడు ఆయన. "రాళ్లన్నీ ఒక్క బాయియే."

మిషన్ చూపించింది రెండు పొరల సగటు. సగటులో పొరలు కనబడవు. కోమల అలాగే గడప మీద కూర్చుండిపోయింది. ఇప్పుడు అంతా తేటగా కనబడుతోంది. గుడ్డ తేమ సన్నని పొరలో పాకినా, పంపుతో తోసిన నీళ్లు ఎప్పుడూ గరుకు పొరలోంచే పోతాయి, దారి వెడల్పు కాబట్టి. ఆ పొరలో చమురు ఎప్పుడో కొట్టుకుపోయింది. పిండిలాంటి సన్నని పొరలోకి నీళ్లు వెళ్లలేదు, చమురు అక్కడే ఉండిపోయింది. బ్యాక్టీరియా కూడా నీళ్లు పోయిన దారినే పోతుంది. పోయి, ఆ వెడల్పు దారిని మూసేస్తుంది. ముందు అంతా తగ్గుతుంది. తర్వాత నీళ్లకు వేరే దారి లేక సన్నని పొరలోకి తిరుగుతాయి. అక్కడి చమురు కదులుతుంది. మూసుకుపోవడమే మేలు చేసింది. ఇన్నేళ్లూ ఆమె అడ్డంకి అనుకున్నది దాన్నే.

ఇలా జరుగుతుందని వ్యాసాల్లో చదివింది కూడా. తన రాయి ఒకే తీరుది కదా అని పేజీ తిప్పేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ప్రయోగశాల వాళ్ల మీదా, సార్ మీదా, తన మీదా? కోపానికి కూడా ఓపిక కావాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి. కిష్టవ్వ అది చూసి రాయి తానే పాడు చేశాననుకుని, పొడిగుడ్డ తెచ్చి దాన్ని తుడవడం మొదలుపెట్టింది.

ఆ ఎండాకాలమంతా కోమల రెండు పొరల లెక్క కట్టింది. ఒక పొరకు రాసిన సమీకరణాలు రెండింటికి రాయాలి, ఒక పొర నుంచి ఇంకో పొరలోకి నీళ్లు దాటడం కూడా పెట్టాలి. మాటల్లో తేలికే. కంప్యూటరులో పెడితే అంకెలు పిచ్చెత్తినట్టు ఎగిరిపోయేవి. ఒక్కోసారి చమురు సున్నా కంటే తక్కువ వచ్చేది. పాత లాప్‌టాప్ వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. పరశురాములు దాని కింద రెండు ఇటుకలు పెట్టి టేబుల్ ఫ్యాను అటు తిప్పాడు. తనకు గాలి లేకుండా పోయిందని కిష్టవ్వ సణిగింది.

పరశురాములుకు సమీకరణాలు తెలియవు. నీళ్లు తెలుసు. మధ్యమధ్య వచ్చి వెనక నిలబడి అడిగేవాడు.

"ఇప్పుడు నీళ్లు ఎటు పోతున్నయ్?"

"ఇంకా గరుకు దిక్కే."

"ఒత్తిడి?"

"పెరుగుతున్నది."

"పెరగనీ. జర ఓపిక వట్టు" అని వెళ్లి టీ పెట్టేవాడు. అతను పెట్టే టీ క్యాంపు టీ, పాలపొడి వాసన అలవాటై ఇంటి పాలతో పెట్టినా అదే చిక్కదనం. పెళ్లయ్యాక ఇన్ని రోజులు వరుసగా భర్త ఇంట్లో ఉండటం కోమలకు ఇదే మొదలు. ఆ సంగతి ఇద్దరికీ కొత్తగానే ఉంది. చాలాసార్లు మాటలు దొరక్క నీళ్ల గురించే మాట్లాడుకునేవారు.

ఒకరోజు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి లెక్క పూర్తయి ఉంది. తెర మీద గీత ఎప్పటిలాగే కిందికి దిగింది. అడుగున కొంచెం దూరం అలసిపోయినట్టు చదునుగా పాకింది. ఆ తర్వాత లేచింది. ప్రయోగశాల కొలతంత ఎత్తుకు లేవలేదు. కానీ లేచింది. కింద ఒత్తిడి గీత కూడా కొలతకు దగ్గరగానే వచ్చింది.

కోమల కేక పెట్టలేదు. అన్నం వార్చింది. మళ్లీ వచ్చి చూసింది. అంకెలు ఒక్కొక్కటి సరిచూసి, ఇంకోసారి మొదటి నుంచి నడిపించింది. మళ్లీ లేచింది. అప్పుడు పెరట్లో కూలరు బాగుచేస్తున్న భర్తను పిలిచింది.

"ఇటు రా జర."

పరశురాములు చేతులు తుడుచుకుంటూ వచ్చి తెరలోకి వంగి చూశాడు. "లేసింది గదనే!"

"లేసింది."

"ఏం లేసింది?" అంది వసారాలోంచి కిష్టవ్వ.

"నూనె, అవ్వా."

"ఏడికి లేసింది?" అని ఆమె ఇల్లంతా ఒకసారి చూసుకుంది. హర్షిణి పగలబడి నవ్వింది. కోమలకు కూడా నవ్వొచ్చింది. నవ్వు ఆగాక చాప మీద ఒరిగి, అన్నం తినకుండానే నిద్రపోయింది.

భూమయ్య సార్‌ను కలవడానికి కరీంనగర్ వెళ్లింది. ఆయన ఇప్పుడు మనవరాలిని స్కూలుకు దింపి వచ్చి, కూరగాయల మొక్కలకు నీళ్లు పోసుకుంటున్నాడు. అద్దాలు పెట్టుకుని గ్రాఫులన్నీ నిదానంగా చూశాడు.

"మాటల్లో తెలిసిన సంగతే గదమ్మా. కానీ లెక్క నీది. రాసెయ్."

ఆమె ఇంకేదో అంటాడని చూసింది. గేటు దాకా వచ్చాక అన్నాడు.

"అప్పుడు నేను చెప్పినట్టు చేసి ఉంటే ఎప్పుడో అయిపోయేది."

అది నిష్టూరమో, పశ్చాత్తాపమో ఆమెకు తేలలేదు. "అయిపోయేది సార్" అని మాత్రం అంది.

ఆఖరి గడువు లోపల సిద్ధాంతగ్రంథం ఇచ్చింది. మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ ఒకే ఒక్క గట్టి ప్రశ్న అడిగింది. "ఇది నిజమైన చమురు క్షేత్రంలో పనిచేస్తుందా?" చుట్టూ కూర్చున్నవాళ్లు కోమల వైపు చూశారు. ఇలాంటి చోట గొప్పగా చెప్పుకోవాలని అందరూ అంటారు.

"ఈ ఒక్క బావి రాళ్లకు చెప్పగలను మేడం. మిగతావాటి పొరలు నేను చూడలేదు" అంది కోమల.

ఆవిడ "సరే" అని సంతకం చేసింది. బయట పరశురాములు జిలేబీల పొట్లంతో నిలబడి ఉన్నాడు. ఎండకు పాకం కారి చొక్కాకు అంటింది.

పోస్టులు పడతాయన్నారు, పడలేదు. కోర్టులో ఉందన్నారు, ఎన్నికలన్నారు. తొలకరి పడ్డాక పాత కాలేజీ నుంచే పాత ఆర్డరు వచ్చింది, ఏడాది కాంట్రాక్టు. పేరు ముందు డాక్టర్ అని చేర్చారు, పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారు. కోమల దాన్ని దిద్దించమని అడగలేదు. పరశురాములు తిరిగి గల్ఫుకు వెళ్లే మాట ఎత్తలేదు. గోదావరి మీద ఎత్తిపోతల పంపుహౌస్‌లో ఆపరేటరుగా కుదిరాడు. "ఆడ ఎడారిల నీళ్లు నూకిన, ఈడ పొలాలకు నూకుతున్న. నా బతుకే నూకుడు" అని నవ్వుతాడు. రోజూ ఇంటికొస్తాడు. కిష్టవ్వకు అదే చాలు.

కాలేజీ తెరిచిన మొదటి వారంలో, సాయంత్రం జగిత్యాలలో బస్సెక్కిన కోమలకు కిటికీ పక్కన సీటు దొరికింది. చల్లగాలికి కళ్లు మూతపడ్డాయి. ఎవరో భుజం తట్టినట్టయితే కళ్లు తెరిచింది. కండక్టరమ్మ.

"మేడం, మీరు ధర్మపురిల దిగాలె గద? ఎప్పుడో దాటింది."

బస్సు రాయపట్నం వంతెన దగ్గర ఆగి ఉంది. కోమల గబగబా దిగి, భర్తకు ఫోను చేసి రోడ్డు పక్కన నిలబడింది. కింద గోదావరిలో కొత్తనీరు ఎర్రగా పారుతోంది. లారీలు దాటుతుంటే వంతెన సన్నగా వణికింది. కాసేపటికి పరశురాములు బండి మీద వచ్చాడు.

"నిద్రవట్టిందా?"

"పట్టింది."

"జరసేపు కూసుందామా? గాలి మంచిగున్నది."

"వద్దు. ఇంటికి పోయి పండుకుంట."

బండెక్కి అతని వీపుకు తల ఆనించింది. చొక్కా నుంచి గ్రీజు వాసన వచ్చింది. బండి మెల్లగా కదిలింది.

"గుంతలొస్తే జర ముందుగాల చెప్పు. నిద్రల పడ్డా పడుత" అంది.

"చెప్త తీ" అన్నాడు పరశురాములు.